జాన్ బి., పురుషుడు, వయసు సుమారు నలభై

గుణదల, విజయవాడ
9 నవంబరు 1997

ఒరేయ్ షబ్బీర్,

సలాం. నువ్వు బతికే ఉన్నావని నీ పెళ్ళాం మొన్న ఫోన్లో చెప్పింది కాబట్టి క్షేమసమాచారాలు వదిలేస్తున్నాను. ఎదురుపడితే పోట్లాడుకుంటాం. స్టేషన్‌కి ఫోన్ చేస్తే మీ ఎస్సై పక్కన నిలబడి వింటాడు. అందుకని ఉత్తరం.

డిసెంబరు ఇరవైన మా కాలేజీలో సెమినార్ ఉంది. ఆడవాళ్ళు మగవాళ్ళకంటే నేరాలు తక్కువ ఎందుకు చేస్తారన్నది విషయం. ప్రసంగం నాది. మా ప్రిన్సిపాల్ గారు మాత్రం ముందే తీర్పు చెప్పేశారు. "ఇందులో పరిశోధనేముందమ్మా, స్త్రీ సహజంగా సౌమ్యురాలు" అన్నారు. అన్నది ఎవరితో? నాతో! ఇరవై రెండేళ్ళుగా స్టాఫ్‌రూములో నా గొంతు వింటున్న మనిషి!

సౌమ్యం లేదు, గాడిదగుడ్డూ లేదు. నీకు పదేళ్ళప్పుడు అద్దె సైకిలిప్పించి కాలవ గట్టు మీదికి వదిలారు. నాకు అదే వయసులో చాటనిండా బియ్యం ఇచ్చి రాళ్ళేరమన్నారు. పద్నాలుగేళ్ళకి నువ్వు మామిడితోటలో దొంగతనం చేసి దొరికావు. నేను చెయ్యలేదు. ఎందుకని? తోట ఎక్కడుందో నాకు తెలీదు కనుక! దీన్ని మంచితనం అంటారా? తలుపు బయట గడియపెట్టి, లోపల ఉన్నదాన్ని "పారిపోలేదు, ఎంత బుద్ధిమంతురాలో" అని మెచ్చుకున్నట్టు లేదూ? బ్యాంకు తాళాలు ఎన్నడూ చేతికివ్వని మనిషికి, బ్యాంకు దోచలేదని శీలానికి సర్టిఫికెట్టు!

ఇక మీ ఖాకీల దయ ఒకటి. ఆడది తప్పు చేసి దొరికితే "పోమ్మా, ఇంటికి పో" అంటారు. అది పుస్తకంలోకి ఎక్కదు. మళ్ళీ అదే పుస్తకం తిరగేసి, ఆడవాళ్ళు దేవతలని ఉపన్యాసాలిస్తారు. స్వేచ్ఛ పెరిగితే ఆడవాళ్ళలో నేరాలు పెరుగుతాయని ప్రిన్సిపాల్ గారి బెంగ. "పెరగనివ్వండి సార్, ఎన్నాళ్ళని అన్నిట్లోనూ వెనకబడి ఉంటాం?" అన్నాను. పాపం, టీ అంతా ఆయన చొక్కా మీద పడింది.

నువ్వు స్టేషన్ రైటరువి. వచ్చిన ప్రతి కేసూ నీ చేత్తోనే పుస్తకంలోకి ఎక్కుతుంది. ఐదేళ్ళలో ముద్దాయిల్లో మగ ఎంతమంది, ఆడ ఎంతమంది, ఏ నేరాలకి, లెక్క పంపు. నీ అభిప్రాయాలు నేనడగలేదు.

నీ ఆపా,
అక్తరున్నీసా

---

దివిసీమ
24 నవంబరు 1997

ఆపాకి సలాం.

అది మామిడితోట కాదు, జామతోట. దొరికింది నేను కాదు, నా వెనకాల గోడ దూకినవాడు. పోలీసు ఉద్యోగం చేసుకునేవాణ్ణి, నా రికార్డు సరిగ్గా ఉండాలి.

నువ్వడిగిన లెక్క: ఐదేళ్ళలో మగవాళ్ళు ఆరువందల పన్నెండు మంది. ఆడవాళ్ళు ముప్పై ఒక్కరు. అందులో ఇరవై నాలుగు సారా కేసులే. తక్కిన ఏడుగురూ మంచినీళ్ళ పంపు దగ్గర బిందెలతో కొట్టుకున్నవాళ్ళు. సారా సంగతి కూడా చెప్పాలి. బట్టీ మొగుడిది, అమ్మకం మొగుడిది. మేం వెళ్ళేసరికి వాడు చేలో పడి పరిగెత్తుతాడు, కుండ దగ్గర పెళ్ళాం దొరుకుతుంది. నీకు పనికొస్తే వాడుకో.

అడగలేదన్నావు గానీ నా అభిప్రాయం కూడా రాస్తాను. పదహారేళ్ళ సర్వీసు నాది. ఆడవాళ్ళకి భయం ఎక్కువ, జాలి ఎక్కువ. అంతకంటే లోతేమీ లేదు. ఈ నెల కేసే చూడు. మా దగ్గర కరకట్ట కింద ఒక కాలనీ ఉంది, ముప్పై గుడిసెలు. పట్టాల్లేవు, కాబట్టి కరెంటు లేదు. వాళ్ళ నెత్తిమీంచే తీగలు వెంకటప్పయ్య గారి రొయ్యల చెరువులకి పోతాయి. నీళ్ళని చిలికి రొయ్యలకి గాలి అందించే చక్రాలు తిరగాలి కదా. దీపావళి వెళ్ళిన మర్నాడు చూస్తే ముప్పై గుడిసెల్లోనూ బల్బులు! ఎవరో స్తంభమెక్కి, తీగకి కొక్కెం తగిలించి, ఇంటింటికీ పాయలు లాగారు. ఎక్కడా ఒక్క జాయింటు వదులు లేదు. కరెంటు ఇంజనీరు గారే "మా వాళ్ళకి కూడా ఇంత శుభ్రంగా రాదయ్యా" అన్నారు. కాలనీలో గద్దించి అడిగితే ఓ ముసలామె పేరు చెప్పేసిందట. ఇంజనీరు గారు ఇంగ్లీషులో ఫిర్యాదు రాసిచ్చారు. నేను తెలుగులో ఎక్కించాను: జాన్ బి., పురుషుడు, వయసు సుమారు నలభై, తండ్రి పేరు తెలియదు, పరారీలో ఉన్నాడు.

ఇప్పుడు చెప్పు ఆపా. అలాంటి స్తంభం ఆడదెవరైనా ఎక్కుతుందా?

ఇట్లు,
షబ్బీర్

---

గుణదల
26 డిసెంబరు 1997

ఒరేయ్ తమ్ముడూ,

సలాం. నీ జాన్ బి. నా ప్రసంగాన్ని గెలిపించాడు! అంకెలు చెబుతున్నంతసేపూ హాల్లో సగంమంది ఆవలిస్తున్నారు. జాన్ కథ ఎత్తుకునేసరికి లేచి కూర్చున్నారు.

"ఈ జాన్ అనే పురుషుడు స్తంభం ఎలా ఎక్కగలిగాడు?" అని అడిగాను. చిన్నప్పుడు చెట్టెక్కితే కొడుకుని చూసి మురిసిపోతారు, కూతుర్ని చూసి "దిగవే, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు" అంటారు. నేరానికి కూడా తర్ఫీదు కావాలి. ఆ తర్ఫీదు మగపిల్లలకి ఆటగా దొరుకుతుంది. జాన్‌కి దొరికిన ధైర్యంలో, నైపుణ్యంలో, బలాదూరు తిరుగుళ్ళలో పదోవంతు ఆ కాలనీలో ఒక్క ఆడమనిషికైనా దొరికి ఉంటే, ఆమె ఎక్కి ఉండేది కాదా? లేదు కాబట్టే ఎక్కలేదు! ఇలా బల్ల గుద్ది మరీ చెప్పాను. చప్పట్లు. ప్రిన్సిపాల్ గారు కూడా రెండు వేళ్ళతో కొట్టారు. వ్యాసం అచ్చు వేస్తారట.

జాన్ మీద నాకు కోపం లేదు, అది వేరే సంగతి. రొయ్యకి ఊపిరాడకపోతే ప్రభుత్వానికి నిద్రపట్టదు. పసిపిల్ల కిరసనాయిలు బుడ్డి ముందు కళ్ళు పొడుచుకుని చదివితే ఎవడికీ పట్టదు. ఎవర్రా దొంగ? అతన్ని వెతక్కండి.

నీ ఆపా

---

దివిసీమ
18 జనవరి 1998

ఆపాకి సలాం.

నువ్వు వెతకొద్దన్న ఉత్తరం వచ్చేసరికి మేం పట్టేసుకున్నాం. బొంతా జాన్. ఇంటిపేరు బి, పేరు జాన్, వయసు ముప్పై ఎనిమిది, అదే కాలనీ. దర్జీ పని. తీగల జాయింట్లకి టేపు బదులు రవిక ముక్కలు చుట్టి ఉన్నాయి, అవి అతని కొట్లోవే. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? "నాకు ఎత్తంటే కళ్ళు తిరుగుతాయండీ" అని ఏడ్చాడు. దొరికినవాళ్ళు ఏదో ఒకటి అంటారు. జామీనుకి నిలబడేవాళ్ళు లేక సబ్ జైల్లో ఉన్నాడు.

ఒక తమాషా జరుగుతోంది. అప్పట్నుంచీ ఒకావిడ నాలుగు రోజులకోసారి స్టేషన్‌కి వచ్చి "ఆ తీగలేసింది నేనండీ, జాన్‌ని వదిలెయ్యండి" అంటోంది. ఎస్సై గారు కోప్పడలేదు, మంచాయన. "అమ్మా, అతనికీ నీకూ ఏమిటి సంబంధం?" అని అడిగారు. "నా రవికలు కుడతాడండీ. చేతులు బిగుతుగా కుడతాడు. అంతకుమించి ఏం లేదు" అంది. టీ ఇప్పించి పంపేశారు. నాలుగోసారి ఏకంగా ఒక ఇనప కొక్కెం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "తీగకి తగిలించిన దాని జత ఇదేనండీ, పోల్చి చూసుకోండి" అని. కేసులో ఆవిడ లేదు, ఆవిడ వస్తువు ఎక్కడ పెట్టను? వెనక్కిచ్చి జాగ్రత్తగా పట్టుకెళ్ళమన్నాను.

పేరడిగావా అంటావు. కేసులో లేనివాళ్ళ పేరు రాసుకునే పుస్తకం మా దగ్గర లేదు. ప్రేమ వ్యవహారమని నా ఊహ. నీ వ్యాసంలో చేర్చుకో: ఆడది నేరం చెయ్యదు, ప్రేమించినవాడి కోసం చేశానని మాత్రం చెబుతుంది.

జాన్ వాళ్ళమ్మ శౌరమ్మ మేరీమాత ఉత్సవాలకి గుణదల వస్తోంది, కొడుకు విడుదలకి మొక్కుకుందట. ఉండడానికి చోటుందా అని ఎవర్నో కాదు, నన్నే అడిగింది! సిగ్గేసి నీ అడ్రసిచ్చాను. రెండ్రోజులు చూడు.

షబ్బీర్

---

గుణదల
12 ఫిబ్రవరి 1998

షబ్బీర్,

నీకు సలాం లేదు.

శౌరమ్మ వచ్చింది. అన్నం వడ్డిస్తూ, "అంత చక్కగా తీగలు లాగడం మీ అబ్బాయి ఎక్కడ నేర్చుకున్నాడమ్మా?" అని మెచ్చుకోలుగా అడిగాను. ఆవిడ ముద్ద కింద పెట్టేసింది.

"మావోడా? ఎవురు చెప్పారండీ మీకు? గోడకి మేకు కొట్టాలంటే ముక్కాలిపీట ఎక్కి కళ్ళు మూసుకుంటాడండీ ఆడు. మేకు మీద కాదు, ఏలి మీద కొట్టుకుంటాడు. తీగలేసింది జాన్‌బీ కదండీ!"

"అదేనమ్మా, జాన్ బి. అంటే బొంతా జాన్. మీ అబ్బాయే కదా?"

"అయ్యో తల్లీ, చదూకున్నోరు, మీరు కూడానా! జాన్‌బీ అండీ, జాన్‌బీ! మీ సాయిబులావిడేనండీ. మదార్ సాయిబు గారి పెళ్ళాం. మీలో ఉండే పేరే కదండీ, ఎప్పుడూ ఇన్లేదా?"

విన్లేదా! ఒరేయ్, మన నాన్నని కన్నతల్లి పేరేమిట్రా? దాదీ పేరు ఏమిటి? జాన్‌బీ! ఆవిడ వేలు పట్టుకుని నడక నేర్చినవాడివి. ఆ ఇంజనీరుకి తెలీదు, చెవికి తోచినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. నీకేమైంది? పక్కన స్తంభం కనబడేసరికి నీకు దాదీ పేరులో మగవాడు వినబడ్డాడు! వయసు సుమారు నలభై అట! చూసినట్టు రాశావు!

తిట్లు నీతోనే ఆపుదామనుకున్నాను, కుదరడం లేదు. నేనేం చేశాను? ఆ పేరు మూడువందల మంది ముందు పదకొండుసార్లు పలికాను. కాగితం తీసి లెక్కపెట్టుకున్నాను, పదకొండు. ఒక్కసారైనా నా నాలిక తడబడలేదు. ఆడదానికి అవకాశం లేదు కాబట్టి ఎక్కలేదని బల్ల గుద్దాను. అక్కడ ఒకావిడ ఎవరి అనుమతీ అడక్కుండా ఎక్కి, ముప్పై ఇళ్ళకి దీపం పెట్టి దిగింది. అది నా సిద్ధాంతంలో పట్టలేదు కాబట్టి, ఆవిణ్ణి మగవాణ్ణి చేసి మరీ పట్టించాను. ప్రిన్సిపాల్ గారు ఆడది చెయ్యదంటారు, నేను చెయ్యలేదంటాను. ఆవిడకేమిట్రా తేడా?

మీ గుమ్మం తొక్కుతున్నది ప్రియురాలు కాదు. ముద్దాయి. చేతికి దొరికిన ముద్దాయికి టీ ఇచ్చి పంపిన స్టేషన్ దేశంలో మీదొక్కటే అయ్యుంటుంది. వెళ్ళి పేరడుగు. దర్జీని బయటికి తీసుకురా.

అక్తరున్నీసా

---

దివిసీమ
17 ఫిబ్రవరి 1998

ఆపా,

అడిగాను. "పేరేమిటమ్మా?" అంటే, "పదమూడుసార్లు వస్తే ఇప్పటికి అడిగారు" అంది. షేక్ జాన్‌బీ. నలభై ఒకటి. భర్త మదార్ సాహెబ్ చెరువుల మీద వైరింగ్ పని చేసేవాడు, మూడేళ్ళ కిందట జబ్బు చేసి పోయాడు. ఒక్కతే కూతురు, జుబియా. వచ్చే నెల పదో తరగతి పరీక్షలు. ఆ పిల్ల చదువు కోసమే మొదటి బల్బు పెట్టిందట. పక్కింటివాళ్ళు అడిగితే కాదనలేక వాళ్ళకీ. అలా ముప్పై.

దాదీ సంగతి నువ్వు రాసిన చోట రెండోసారి చదవలేకపోయాను. ఆ మాట ఇక్కడితో వదిలెయ్.

ఎస్సై గారికి చెప్పాను. నవ్వలేదీసారి. తలుపేసి రమ్మన్నారు. "ఆడదాని పనికి మగాణ్ణి లోపలేశామంటే పేపరువాళ్ళు మనల్ని బతకనిస్తారా? అయినా ఆడవాళ్ళు స్తంభాలెక్కరయ్యా. కోర్టులో నిలబడదు. దర్జీకి మహా అయితే మూడు నెలలు పడుద్ది, ఇప్పటికే సగం అయిపోయింది" అన్నారు. నేను వేరేగా రాస్తే నాకు మెమో ఖాయం.

నన్ను తిట్టేముందు ఇది కూడా ఆలోచించు. జాన్ బయటికొస్తే జాన్‌బీ లోపలికెళ్ళాలి. అప్పుడు ఆ పిల్ల పరీక్షలు ఎవరు రాయిస్తారు? ఆడదని వదిలేస్తే నీకు కోపం. పట్టుకుంటే రేపు నువ్వే "ఒంటరి ఆడదాన్ని జైల్లో పెట్టారు" అని పేపర్లో రాస్తావు. నీకేది కావాలో తేల్చి చెప్పు, అది చేస్తాను.

షబ్బీర్

---

గుణదల
20 ఫిబ్రవరి 1998

షబ్బీర్,

సలాం. నీ ప్రశ్న గట్టిదే. రెండు పూటలు అన్నం సయించలేదు. నా దగ్గర సిద్ధాంతాలున్నాయి గానీ ఈ ప్రశ్నకి సరిపడే సైజుది లేదు.

తర్వాత తోచింది. నాకేది కావాలని నన్ను అడుగుతున్నావేమిట్రా? జాన్‌బీకి ఏం కావాలో ఆవిడ మీ గుమ్మంలో పదమూడుసార్లు చెప్పింది. కూతురుందని ఆవిడకి తెలీదా? మీ ఎస్సైకీ నీకూ నాకూ గుర్తొచ్చిన పరీక్షలు కన్నతల్లికి గుర్తులేవా? అన్నీ తెలిసే వచ్చింది. తన పనికి ఇంకొకడు కటకటాల వెనక ఉంటే ఆవిడకి ముద్ద దిగడం లేదు. మగవాడు అలా వస్తే నిజాయితీ అంటాం. ఆడది వస్తే టీ ఇప్పిస్తాం. ఆవిడ నేరం ఆవిడకివ్వండి. జాలి తర్వాత పడదాం.

ఫరహత్ అని నా పాత విద్యార్థిని, ఇప్పుడు లాయరు. వాయిదా రోజుకి వస్తుంది. జుబియా పరీక్షలయ్యేదాకా అవసరమైతే నేను సెలవు పెట్టి అక్కడికొచ్చి ఉంటాను. ముందు జాన్‌బీని అడుగు, ఆవిడ సరేనంటేనే. ఇంకొకటి. ఆవిడ వచ్చిందని, మీరు వినలేదని కోర్టులో చెప్పాల్సింది నువ్వు. మెమో వస్తే వస్తుంది. చించుకుంటే నీ ఇష్టం, పటం కట్టించుకుంటే నా ఖర్చు.

వ్యాసం అచ్చు కాకుండా ఆపించాను. ప్రిన్సిపాల్ గారు కారణం అడిగారు. "అందులో పొరపాటున ఒకావిడకి మీసాలు పెట్టానండీ" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. చెప్పే ఓపిక నాకూ లేదు.

నీ ఆపా

---

దివిసీమ
6 మార్చి 1998

ఆపాకి సలాం.

నువ్వు సెలవు పెట్టక్కర్లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నిన్న వాయిదా. కోర్టు నిండిపోయింది, కాలనీ మొత్తం ట్రాక్టరెక్కి వచ్చింది. ఫరహత్ లేచి, అసలు ముద్దాయి ఇక్కడే ఉంది, ఒప్పుకుంటానంటోంది అని చెప్పింది. సర్కారు వకీలు పెద్దగా నవ్వాడు. మేజిస్ట్రేటు గారు వయసైనవాడు. మీ ప్రిన్సిపాల్ గారికి అన్నదమ్ముడిలా ఉన్నాడు, మాట కూడా అదే. "ఎవరినో కాపాడ్డానికి చెబుతున్నావు కదమ్మా?" అని మెత్తగా అడిగారు.

తర్వాత నన్ను పిలిచారు. ఈమె పదమూడుసార్లు వచ్చింది, మేం వినలేదు, పురుషుడని రాసింది నేనే, ఎవరూ చెప్పకుండానే రాశాను, అన్నాను. గట్టిగా చెప్పమన్నారు. రెండోసారి గట్టిగా చెప్పాను. ఎస్సై గారు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు.

స్వాధీనం చేసుకున్న తీగ బల్లమీద ఉంది. జాన్‌బీ ఒక జాయింటు విప్పి, మాట్లాడుతూనే తిరిగి కట్టేసింది. టేపు కొనలేక జాన్ కొట్లో రవిక ముక్కలు తనే అడిగి తెచ్చుకున్నానని చెప్పింది. "జాయింటు సరే, స్తంభం మాటేమిటి?" అన్నాడు వకీలు. కోర్టు ఆవరణలో ఒక స్తంభం ఉంది. మేజిస్ట్రేటు గారు "వద్దు, వద్దు" అంటుండగానే ఈవిడ చెంగు నడుముకి బిగించి బయటికి నడిచింది. గుమాస్తాలు, వకీళ్ళు, పక్క కోర్టు ముద్దాయిలు కూడా కిటికీల్లో వేలాడారు. తీగల కిందిదాకా ఎక్కి, అడ్డకమ్మీ మీద చెయ్యేసి, "ఇప్పుడు రాసుకున్నారా అండీ? దిగొచ్చా?" అని కేకేసింది. కింద బొంతా జాన్, బేడీలతో సహా కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు. అతని నిర్దోషిత్వానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

జాన్‌ని అక్కడికక్కడే వదిలేశారు. తర్వాత జాన్‌బీకి తీర్పు. మేజిస్ట్రేటు గారు చెబుతున్నారు, టైపిస్టు కొడుతున్నాడు. "అబల కనుక, గతించిన భర్త నేర్పిన పనిని నేరమని ఎరుగక చేసినది కనుక..."

"ఆగండి" అంది జాన్‌బీ.

టైపు ఆగిపోయింది.

"నేరమని ఎరుగుదునండీ. ఎరిగే చేశాను. ఇంకోటండీ, మా ఆయన నాకు నేర్పలేదు. మా నాన్న లైన్‌మన్ దగ్గర పనిచేసేవోడు, చిన్నప్పట్నుంచీ ఆయన ఎనకే తిరిగాను. మా ఆయనకి పెళ్ళయ్యాక నేనే నేర్పాను. పనిలో పెట్టుకుంది మాత్రం ఆయన్నే. పోయినోళ్ళ మీద పెట్టకండి, నామీదే రాయండి."

మేజిస్ట్రేటు గారు కాగితం తీయించి కొత్తది పెట్టించారు. అబల లేదు, భర్త లేడు. నేరం ఒప్పుకున్నది, మొదటి నేరము, స్వయంగా వచ్చి చెప్పినది, కాబట్టి కోర్టు లేచేవరకు కోర్టులోనే ఖైదు. అంతే.

సాయంత్రం దాకా బల్ల మీద కూర్చుంది. విడుదలైన జాన్ ఇంటికి పోకుండా వచ్చి పక్కన కూర్చున్నాడు. "నువ్వు పోవయ్యా" అంటే, "నా బదులు నువ్వు కూర్చున్నావు కదా, నీకు తోడు నేను" అన్నాడు. శౌరమ్మ ఇద్దరికీ ఒకే కేరేజీలో అన్నం తెచ్చింది. జుబియా కింద కూర్చుని లెక్కలు చేసుకుంది. నాకు మెమో వచ్చింది. ఎస్సై గారు ఇప్పటికీ మాట్లాడ్డం లేదు. కాలనీ చీకట్లోనే ఉంది. ముప్పై ఇళ్ళవాళ్ళూ కరెంటు కోసం అర్జీ పెట్టారు, అర్జీ తెలుగు నేనే రాసిచ్చాను.

కోర్టు లేచాక ఆవిడ వివరాలు ఎక్కించి సంతకం తీసుకోవాలి. పేరు: షేక్ జాన్‌బీ. జాన్, బీ రెండు ముక్కలూ కలిపి రాశాను. స్త్రీ అని రాసి కింద గీత కూడా గీశాను. ఇంత చేశాక కూడా ఆపా, వృత్తి అన్న గడి వచ్చేసరికి నా చెయ్యి తనంతట తనే "గృహిణి" అని రాసేసింది. ఆవిడ కాగితం తిప్పి చదువుకుంది. నాకేసి చూసింది. నా జేబులోంచి పెన్ను తీసుకుని, ఆ మాట అడ్డంగా కొట్టేసి, పైన తన గుండ్రటి అక్షరాలతో "కరెంటు పని" అని రాసి, సంతకం పెట్టింది.

పెన్ను తిరిగి ఇవ్వడం మర్చిపోయి వెళ్ళిపోయింది. నేనూ వెనక్కి పిలవలేదు.

నీ తమ్ముడు,
షబ్బీర్